‘క్వైట్’ అంటే ఎంత?

(మాస్టారి స్మారకోపన్యాసం, ముద్రిత పాఠం)



మాస్టారి పేరిట జరిగే ఈ సభలో ఇదివరకు మాట్లాడినవాళ్లు పెద్ద పెద్ద విషయాలు ఎత్తుకున్నారు. అనువాదం గురించి చెప్పారు, బోధన మాధ్యమం గురించి చెప్పారు, షేక్‌స్పియర్ గురించి చెప్పారు. నేను ఒకే ఒక్క మాట తీసుకున్నాను. ఇంగ్లిషులో ఐదక్షరాల మాట, ‘క్వైట్’. మాస్టారి ఇంగ్లిషు పాఠం విన్నవాళ్లకు ఇది చిన్న విషయంగా తోచదని నా నమ్మకం. పేజీ మొత్తం పక్కన పెట్టి, ఒక క్రియావిశేషణం దగ్గర పీరియడంతా ఆగిపోయే మనిషి ఆయన. ‘చాలా’ అని అర్థం చెబితే ఒప్పుకునేవారు కాదు. ‘చాలా సరేనయ్యా, ఎంత?’ అనేవారు. ఆ ‘ఎంత’కు ఇంగ్లిషులో ఒక కుటుంబమే ఉంది. వెరీ, రాదర్, ఫెయిర్లీ, ప్రెటీ, టూ, ఎ బిట్. వీటన్నిటిలోకీ నన్ను ఎక్కువ కాలం ఆలోచనలో పెట్టింది క్వైట్. ఎందుకంటే, ఒకే మాట ఒకచోట ‘పూర్తిగా’ అని, ఇంకోచోట ‘ఓ మోస్తరుగా’ అని అర్థమిస్తుంది. అట్లాంటిక్ సముద్రానికి ఒక ఒడ్డున మెచ్చుకోలు, ఇంకో ఒడ్డున పెదవి విరుపు. మన పిల్లలు ఇప్పుడు రెండు ఒడ్డుల్లోనూ ఉన్నారు.

ముందు దీని పుట్టుక. లాటిన్‌లో ‘క్వియేటస్’ అంటే విశ్రాంతిలో ఉన్నవాడు, నిశ్చింతగా ఉన్నవాడు. అది పాత ఫ్రెంచిలోకి వచ్చేసరికి బాకీ లేనివాడు, విముక్తుడు అయింది. అప్పు తీరినవాడికే కదా నిశ్చింత! ఇంగ్లిషులో ఈ ఒక్క వేరు నుంచి చాలా మాటలు మొలిచాయి. నిశ్శబ్దాన్ని చెప్పే క్వయట్ ఇదే. వదిలేయడాన్ని చెప్పే క్విట్ ఇదే. నిందితుణ్ణి నిర్దోషిగా విడిచిపెట్టే అక్విటల్ కూడా ఇదే. ఇద్దరి మధ్యా లెక్క సరిపోయినప్పుడు ఇంగ్లిషువాళ్లు ‘క్విట్స్’ అంటారు, మనం ‘చెల్లుకు చెల్లు’ అంటాం. పైసా కూడా మిగలకుండా తీరిపోవడం అన్న ఆ భావం నుంచే, 14వ శతాబ్దం నాటికి, ‘క్వైట్’ అంటే ‘పూర్తిగా’ అన్న అర్థం స్థిరపడింది. మన పిల్లలు పరీక్ష పేపర్లలో క్వయట్ రాయాల్సినచోట క్వైట్ రాస్తారు. తరగతి గది గోడల మీద కూడా ‘కీప్ క్వైట్’ అని కనిపిస్తుంది. అక్షరాలు తారుమారయ్యాయని ఎర్ర సిరాతో సున్నా చుట్టేవాళ్లు, ఆ రెండు మాటలూ ఒకే తల్లి బిడ్డలని కూడా చెబితే పిల్లలకు రెండూ గుర్తుంటాయి.

ఈ కుటుంబంలోని ఒక మాట మన ఊళ్లకు ఏనాడో వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో ఇనాం కమిషన్ ఏర్పడింది. ఇనాం భూముల హక్కులు తేల్చి పట్టాలు ఇచ్చింది. ఆ పట్టాల్లో ఏటా ఇంత ‘క్విట్ రెంట్’ కట్టాలని రాసేవారు. తెలుగు గ్రామాల్లో దాన్ని ‘జోడి’ అన్నారు. భూమి కలిగినవాడు పైవాడికి చేయాల్సిన ఊడిగానికి బదులుగా ఒక చిన్న మొత్తం కట్టేస్తే, మిగతా బాధ్యతల నుంచి విముక్తుడవుతాడు. అదీ ఆ పేరులోని క్విట్. తాతముత్తాతల ఇనాం కాగితాలు పెట్టెలో దాచుకున్న కుటుంబాలు ఈ సభలో ఉండే ఉంటాయి. ఆ కాగితం మీది మాటకూ మనం ఈరోజు మాట్లాడుకునే మాటకూ చుట్టరికం ఉంది.

సరే, ‘పూర్తిగా’ అన్న మాట ‘ఓ మోస్తరుగా’ ఎలా అయింది? అసలు విషయం ఇక్కడే ఉంది. దీనికి జవాబు క్వైట్‌లో వెతికితే దొరకదు, దాని పక్కన కూర్చున్న విశేషణంలో దొరుకుతుంది.

విశేషణాల్లో కొన్నిటికి అంచు ఉంటుంది. ఖాళీ, అసాధ్యం, నిశ్చయం, సరైనది, వేరైనది. కుండకు అంచు ఉంది కాబట్టే ‘నిండా’ అన్న మాట దానికి సరిపోతుంది. ఇలాంటి విశేషణాల పక్కన క్వైట్ తన పాత అర్థం ఏమాత్రం వదులుకోలేదు. క్వైట్ ఇంపాసిబుల్ అంటే బొత్తిగా అసాధ్యం. క్వైట్ డిఫరెంట్ అంటే పూర్తిగా వేరు. క్వైట్ రైట్ అంటే నూటికి నూరుపాళ్లూ నిజం. ఈ విషయంలో లండన్‌కూ న్యూయార్క్‌కూ భేదం లేదు. రెండో రకం విశేషణాలకు అంచు లేదు. మంచి, పొడుగు, చలి, ఆసక్తికరం. ఎంత పొడుగైతే ‘పూర్తిగా పొడుగు’ అవుతుంది? తెలుగులో కూడా అలా అనం. పూర్తిగా చీకటి అంటాం, పూర్తిగా ఖాళీ అంటాం, పూర్తిగా పొడుగు అని ఎవరూ అనరు.

అంచులేని విశేషణం పక్కన ‘పూర్తిగా’ అన్న మాట వచ్చి కూర్చుంటే అది చెప్పగలిగింది ఒక్కటే. ఈ వస్తువు ఆ పేరుకు తగినదే, ఆ గీత దాటింది, అని. క్వైట్ కోల్డ్ అంటే, చలి అని పిలవడానికి అర్హత ఉన్న చలే. ఇక్కణ్ణుంచి దారి రెండుగా చీలింది. ‘నిజంగానే చలి’ అన్న వైపు పట్టుకున్నవాళ్లకు అది ‘చాలా చలి’ అయింది. అమెరికా వాడుక ఇటు నడిచింది. ‘గీత దాటింది, అంతకుమించి ఏమీ చెప్పను’ అన్న వైపు పట్టుకున్నవాళ్లకు అది ‘చలిగానే ఉంది’ అయింది. బ్రిటన్ వాడుక 19వ శతాబ్దంలో అటు తిరిగింది. జేన్ ఆస్టిన్ నవలలు చదివేటప్పుడు ఈ కాలభేదం గుర్తుండాలి. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ అచ్చయింది 1813లో. అందులో ఊరికి కొత్తగా వచ్చిన పెళ్లికాని యువకుడు బింగ్లీ గురించి, అతణ్ణి చూసినవాళ్ల కబురు అందినప్పుడు అతని వయసుకు తగిలించింది ఈ మాటే. అక్కడ అర్థం ‘నిజంగా పడుచువాడు’ అనే గాని, ‘ఓ మోస్తరు పడుచువాడు’ అని కాదు. నేటి బ్రిటిష్ చెవితో చదివితే పెళ్లీడు కూతుళ్లున్న ఆ ఊరి తల్లుల సంబరమంతా చల్లారిపోతుంది.

వ్యాకరణవేత్తలు ఈ రెండు ముఖాలనూ గుర్తించారు. 1901లో స్టోఫెల్ అనే డచ్ పండితుడు ఇలాంటి మాటల మీద పుస్తకం రాస్తూ, తీవ్రత పెంచేవి కొన్ని, తగ్గించేవి కొన్ని అని విడదీశాడు. 1972లో భాషావేత్త బోలింజర్ ఈ మాటలకే ఒక పుస్తకం కేటాయించాడు. 1985లో వచ్చిన క్వర్క్ బృందం బృహద్వ్యాకరణం క్వైట్‌ను రెండు గదుల్లోనూ పెట్టింది. కొసదాకా తీసుకెళ్లే మాటల్లో ఒకసారి, మధ్యలో రాజీపడే మాటల్లో ఒకసారి. పక్క విశేషణాన్ని బట్టి ఈ మాట ఎలా మారుతుందో స్వీడన్ పరిశోధకురాలు కరీటా పారదిస్ 1997లో మాట్లాడే బ్రిటిష్ ఇంగ్లిషు ఆధారంగా విడమరిచి చూపింది. ఈ పుస్తకాలు ఉన్నాయని పిల్లలకు తెలియాలి. అయితే వీటికన్నా ముందు తెలియాల్సింది వాళ్ల నాలుక మీదే ఉంది. ఈరోజు నేను ప్రధానంగా చెప్పదలచుకున్నది అదే.

మన నిఘంటువుల్లో క్వైట్ దగ్గర పూర్తిగా, సంపూర్ణంగా, చాలా అని ఉంటుంది. పిల్లలు దాన్నే వల్లె వేస్తారు. ఇప్పుడు మన ఇంట్లో మాట వినండి. ‘కూర బాగుంది’ అన్నారనుకోండి, వండినవాళ్లు సంతోషిస్తారు. ‘కూర బాగానే ఉంది’ అన్నారనుకోండి, ‘ఏం, ఉప్పు తగ్గిందా?’ అని అడుగుతారు. ఒక్క ‘నే’ చేరింది, అంతే. తెలుగులో ఈ ఏకారం అవధారణార్థకమని, అంటే నొక్కి చెప్పడానికని చదువుకున్నాం. ‘రాముడే వచ్చాడు’ అన్నప్పుడు అది రాముణ్ణి బలపరుస్తుంది. మరి ‘బాగానే’ అన్నప్పుడు బాగును ఎందుకు తగ్గిస్తోంది? ఇంతకుముందు క్వైట్ గురించి చెప్పుకున్న కారణమే దీనికీ వర్తిస్తుంది. ‘బాగు అన్న మాటకు తగినదే’ అని నొక్కి చెప్పడంలో, అంతకన్నా పైకి పోవడానికి మనసు రాలేదన్న సంగతి బయటపడుతోంది. బ్రిటిష్ మనిషి ‘క్వైట్ గుడ్’ అన్నదానికి ‘బాగానే ఉంది’ కన్నా దగ్గరి తెలుగు లేదు. ‘చాలా బాగుంది’ అని అనువదిస్తే అది అమెరికా మాటవుతుంది.

ఇక్కడితో ఆగినా చాలుననుకునేవాణ్ణి. కాని ‘బాగానే’ మనల్ని ఇంకా ముందుకు తీసుకెళ్తుంది. ‘ఎండ బాగానే ఉంది’ అంటే? గొడుగు పట్టుకెళ్లమని అర్థం. ‘బాగానే సంపాదించాడు’ అంటే? నాలుగు మేడలు కట్టాడని. ‘పెళ్లికి బాగానే ఖర్చయింది’, ‘ఊరు ఇక్కడికి బాగానే దూరం’. ఇక్కడెక్కడా తగ్గింపు లేదు, ఉన్నదంతా హెచ్చింపే. ‘బాగు’ అంటే మంచి అయినప్పుడు ‘నే’ తగ్గిస్తుంది. ‘బాగా’ అంటే ఎక్కువగా అయినప్పుడు అదే ‘నే’ పెంచుతుంది. బ్రిటిష్ ఇంగ్లిషులో ‘క్వైట్ గుడ్’ తగ్గింపు, ‘క్వైట్ ఎ లాట్’ హెచ్చింపు. ‘క్వైట్ ఎ ఫ్యూ’ అంటే కొద్దిమంది కాదు, చాలామంది. ఏళ్ల తరబడి మన విద్యార్థులు తలకిందులుగా రాస్తున్న ప్రయోగం ఇది. ‘వచ్చినవాళ్లు బాగానే ఉన్నారు’ అని తెలుగులో ఒక్కసారి అనిపించి చూడండి, మళ్లీ తప్పు రాయరు.

స్వరం సంగతి కూడా అంతే. బ్రిటిష్ ఉచ్చారణలో నొక్కు క్వైట్ మీద పడితే మెప్పు తగ్గుతుంది, వెనకాలే ‘కానీ’ ఒకటి రాబోతోందని తెలుస్తుంది. నొక్కు విశేషణం మీద పడితే మెప్పు పెరుగుతుంది. మనకూ అంతే. ‘బాగా...నే ఉంది’ అని సాగదీస్తే ఒకటి, కనుబొమలు ఎగరేసి ‘బాగానే ఉందే!’ అంటే ఇంకొకటి. అచ్చులో ఇది కనిపించదు. ఉత్తరాల్లో, ఈమెయిళ్లలో ఈ మాట అందుకే అంత ప్రమాదం.

సిఫారసు లేఖల గురించి ఒక మాట చెప్పి తీరాలి. పై చదువులకు వెళ్లే పిల్లల కోసం నేను ఎన్నో లేఖలు రాశాను, తోటి అధ్యాపకులు రాసినవీ చూశాను. మనవాళ్లు ధారాళంగా ‘క్వైట్ ఇంటెలిజెంట్’ అని, ‘క్వైట్ హార్డ్‌వర్కింగ్’ అని రాస్తారు. రాసేవారి మనసులో ఉన్నది ‘చాలా తెలివైన పిల్ల’ అని. ఆ లేఖ అమెరికా వెళితే దాదాపు అలాగే చదువుతారు. అదే లేఖ ఇంగ్లండు వెళితే ‘తెలివి ఉంది, ఫర్వాలేదు’ అని చదువుకునే అవకాశం ఉంది. తనను మెచ్చుకోవడానికి రాసిన మాటే తన దారికి అడ్డం పడిందని ఆ పిల్లకు ఎప్పటికీ తెలియదు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది. సిఫారసు లేఖలో క్వైట్ వాడకండని అధ్యాపక మిత్రులను చేతులు జోడించి అడుగుతున్నాను. ఆ పిల్ల ఏం చేసిందో రాయండి. ఏ ప్రయోగం చేసింది, ఏ వ్యాసం రాసింది, ఏ ప్రశ్న అడిగి మిమ్మల్ని ఆపేసింది. ఎంత అన్నది చదివేవాళ్లే లెక్క కట్టుకుంటారు.

అటునుంచి వచ్చే మాటలు కూడా మన పిల్లలకు తెలియాలి. బ్రిటన్‌లో చదివే విద్యార్థి వ్యాసం అంచున మార్గదర్శకుడు ‘నాట్ క్వైట్’ అని రాశాడనుకోండి. కాదన్నది క్వైట్‌కు ముందు వస్తే మళ్లీ పాత అర్థమే, అంటే ‘పూర్తిగా కాదు’. మాటకు మాట చూస్తే కాస్త తక్కువైంది, దాదాపు వచ్చేసింది అని. కాని బ్రిటిష్ మర్యాదలో అది చాలాసార్లు ‘ఇది తప్పు, మళ్లీ చూడు’ అనడానికి మెత్తని రూపం. మన పిల్లాడు దాదాపు సరిపోయిందని నిశ్చింతగా ఉండిపోతాడు. ‘క్వైట్ ఇంట్రస్టింగ్’ అని కనిపించినా అంతే. ఆ తర్వాతి వాక్యం చదవకుండా సంతోషపడకూడదు.

క్రియల పక్కన కూడా ఇదే రెండు ముఖాలు. ‘ఐ క్వైట్ అగ్రీ’ అంటే పూర్తిగా ఒప్పుకుంటున్నాను. ఒప్పుకోవడానికి అంచు ఉంది. ‘ఐ క్వైట్ లైక్ ఇట్’ అంటే, బ్రిటన్‌లో, నచ్చిందిలే. ఇష్టానికి అంచు లేదు. సూత్రం ఒక్కటే. విడిగా బట్టీ పట్టాల్సింది ఏమీ లేదు.

ఒక భాష మాట్లాడే రెండు దేశాల మధ్య ఇలాంటి చిన్న మాట ప్రాణాల మీదికి కూడా తెచ్చింది. 1951 ఏప్రిల్‌లో, కొరియా యుద్ధంలో, ఇమ్జిన్ నది దగ్గర బ్రిటిష్ 29వ బ్రిగేడ్ మీద చైనా సేనలు విరుచుకుపడ్డాయి. గ్లోస్టర్‌షైర్ రెజిమెంట్ బెటాలియన్ ఒక కొండ మీద చుట్టుముట్టబడింది. పరిస్థితి ఎలా ఉందని అమెరికన్ జనరల్ సోల్ అడిగితే, బ్రిటిష్ బ్రిగేడియర్ టామ్ బ్రోడీ ‘ఎ బిట్ స్టిక్కీ’ అన్నాడని యుద్ధచరిత్రలు చెబుతాయి. ‘కాస్త ఇబ్బందిగా ఉంది’ అన్నమాట. బ్రిటిష్ సైనికుడి నోట ఆ ‘కాస్త’కు అర్థం, మునిగిపోతున్నామని. అమెరికన్ చెవికి వినిపించింది, ఇబ్బంది ఉన్నా నెట్టుకొస్తున్నారని. వెనక్కి రమ్మన్న ఆదేశం సకాలంలో అందలేదు. ఐదువందల మందికి పైగా గ్లోస్టర్ సైనికులు బందీలయ్యారు. ఓటమి భారమంతా ఒక్క మాట మీద వేయడం అన్యాయం. ఎదుటి సేనల సంఖ్యే అసలు కారణం. కాని ఆ క్షణంలో ఇద్దరు సేనానుల మధ్య ‘ఎంత’ అన్నది తేలలేదు, ఇద్దరూ తేలిందనే అనుకున్నారు.

అందుకే ప్రాణాలకు సంబంధించినచోట ఈ మాటలకు అంకెలు కట్టారు. మన వాతావరణ శాఖ 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి 115.5 దాకా పడితే భారీ వర్షం అంటుంది. 115.6 నుంచి 204.4 దాకా అతి భారీ. 204.5 చేరితే అత్యంత భారీ. కోస్తాలో తుపాను హెచ్చరిక వినే రైతుకు అక్కడ ‘అతి’ అన్నది అలంకారం కాదు, కొలత. వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘం ఇచ్చే నివేదికల్లోనూ ఇదే పద్ధతి. ‘వెరీ లైక్లీ’ అంటే నూటికి 90 పాళ్లకు తగ్గని సంభావ్యత, ‘ఎక్స్‌ట్రీమ్లీ లైక్లీ’ అంటే 95కు తగ్గనిది. భూమి వేడెక్కడానికి మనిషే ప్రధాన కారణమా అన్న ప్రశ్నకు 2007 నివేదిక మొదటి మాట వాడింది, 2013లో రెండోది వాడింది. ఆ ఒక్క క్రియావిశేషణం మారడానికి ఆరేళ్ల పరిశోధన పట్టింది. ఈ జాబితాల్లోకి క్వైట్‌ను రానివ్వలేదు. రానివ్వకపోవడమే మంచిది. కొలతకు లొంగని మాట అది. ఎదుటి మనిషిని నొప్పించకుండా, అబద్ధమాడకుండా, తన అంచనాను కాస్త మరుగున ఉంచుకోవడానికి ఒక సమాజం తయారుచేసుకున్న మాట. మన ‘బాగానే’ కూడా అంతే.

కొత్తగా ఇంగ్లిషు–తెలుగు నిఘంటువు కూర్చేవాళ్లు ఎవరైనా ఈ సభలో ఉంటే, క్వైట్ దగ్గర ఇలా రాయమని నా మనవి. మొదట, అంచు ఉన్న మాటల పక్కన: పూర్తిగా, బొత్తిగా. తర్వాత, అంచులేని మాటల పక్కన, బ్రిటన్‌లో: బాగానే, ఫర్వాలేదనిపించేలా, అమెరికాలో: చాలా. ‘ఎ లాట్’, ‘ఎ ఫ్యూ’లతో: బాగానే, దండిగా. కాదనే మాటతో: పూర్తిగా కాదు, ఇంకాస్త ఉంది. ‘బెటర్’తో, జబ్బుపడి లేచినవాళ్ల విషయంలో: పూర్తిగా కోలుకుని. ఇంకొకటి మిగిలింది. బ్రిటిష్ పెద్దమనిషి ఎదుటివాడి మాట విని, తల ఊపి, ‘క్వైట్’ అని ఒక్క ముక్క అని ఊరుకుంటాడు. దానికి మన నిఘంటువుల్లో సరైన తెలుగు నాకు కనిపించలేదు. మన అరుగుల మీద మాత్రం ఎప్పటినుంచో ఉంది: ‘అంతేగా మరి.’